మట్టిని చదువ నేర్పిన గురువు : సర్ మార్టిమర్ వీలర్

భూగర్భమున మరుగుపడిన ప్రాచీన నగరములను వెలికి తీయుట యొక శాస్త్రము. ఆ శాస్త్రమును కొలదిమంది పండితుల సొత్తుగా నుంచక, విద్యార్థులచేత స్వయముగా త్రవ్వించి నేర్పినవారును, సామాన్య ప్రజలను త్రవ్వకపు చోటికి పిలిచి విషయము బోధించినవారును అరుదు. ఈ రెండు కార్యములను నిర్వహించిన వారిలో సర్ మార్టిమర్ వీలర్ అగ్రగణ్యుడు.

ఆయన 1890 సెప్టెంబరు 10వ తేదీన గ్లాస్గో నగరమున జన్మించెను. లండను యూనివర్సిటీ కళాశాలలో విద్య నభ్యసించి, మొదటి ప్రపంచ యుద్ధమున ఫిరంగి దళములో పనిచేసెను. పిమ్మట వేల్సు జాతీయ మ్యూజియమునందును, 1926 నుండి లండను మ్యూజియమునందును అధికారిగా నుండెను. ఆయన భార్య టెస్సా త్రవ్వకములలో ఆయనకు సమాన భాగస్వామిని. పురాతత్త్వ విద్యార్థులకు పుస్తక పాఠముతోపాటు చేతిపని నేర్పు సంస్థ యొకటి లండనులో నుండవలెనని దంపతు లిరువురును చిరకాలము శ్రమించిరి. ఆ సంస్థ 1937లో వెలసెను గాని, దానిని చూచు భాగ్యము టెస్సాకు లేకపోయెను. ఆమె 1936లోనే మరణించెను.

1934 మొదలు 1937 వరకు డార్సెట్ ప్రాంతమందలి మెయిడెన్ కాసిల్ అను కొండకోటలో వీలర్ త్రవ్వకములు జరిపించెను. చూడవచ్చిన వారిని దూరముగా నిలుపుట ఆయన పద్ధతి కాదు. విద్యార్థులే వారిని వెంటబెట్టుకొని తిరిగి, ఏ గోడ యెప్పటిదో, ఏ పెంకు ఏమి చెప్పుచున్నదో వివరించెడివారు. చిత్రపు కార్డులను, ఒడిసెల రాళ్లవంటి చిల్లర వస్తువులను అమ్మి, ఆ సొమ్మును త్రవ్వకముల ఖర్చునకు వినియోగించిరి. ఇది శాస్త్రగౌరవమునకు తక్కువని భావించిన పండితులు లేకపోలేదు. కాని, ప్రజల ఆదరణ లేనిదే శాస్త్రము నిలువజాలదని వీలర్ నమ్మిక.

1944లో ఆయన భారత పురాతత్త్వశాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చెను. అప్పటి త్రవ్వకములలో వస్తువు దొరికిన లోతును మాత్రమే కొలిచి వ్రాసికొను అలవాటు ప్రబలియుండెను. ఇందొక చిక్కు కలదు. పాత ఇంటి శిథిలములపై నివసించినవాడు గొయ్యి త్రవ్వి చెత్త పోసినచో, క్రొత్త నాణెము పాత గోడకంటె లోతున చేరును. లోతునుబట్టి చూచినవారికి క్రొత్తదే పాతదిగా తోచును. కనుక లోతును గాక మట్టిపొరను గుర్తించవలెనని వీలర్ బోధించెను.

ఆ సంవత్సరమే తక్షశిలలో శిక్షణ శిబిరము నెలకొల్పెను. విశ్వవిద్యాలయములనుండియు, శాఖనుండియు సుమారు 60 మంది చేరిరి. నేలను చదరములుగా విభజించుట, నడుమ గట్లు విడిచి వాని ప్రక్కలందు పొరలు చదువుట, ప్రతి పెంకునకు చీటి కట్టుట, పటములు గీయుట, ఛాయాచిత్రములు తీయుట అందరును స్వయముగా చేసి నేర్చుకొనిరి. ఆయన కోపిష్ఠి, అలసత్వమును సహింపడు. ఐనను ఆ శిష్యులలో బి. బి. లాల్, బి. కె. థాపర్ తరువాతి కాలమున అదే శాఖకు అధిపతులైరి.

1945లో పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో రోమను పాత్రలు లభించెను. వాని కాలము తెలిసినదగుటచే, వానితో కలసి దొరికిన దేశీయ పాత్రల కాలమును తేలెను. ఆ దేశీయ పాత్రలే 1947లో కర్ణాటకమందలి బ్రహ్మగిరి పైపొరలో కనబడినవి. ఆ పొరకు వీలర్ ఆంధ్ర సంస్కృతి యని పేరిడెను. దాని క్రింద పెద్ద రాతి సమాధుల వారును, అంతకు క్రింద రాతి గొడ్డళ్ల వారును నివసించిన జాడలు బయల్పడెను. దక్షిణాపథ చరిత్రకు కాలక్రమ మేర్పరచుటలో ఇది గొప్ప మెట్టు.

ఆయన నిర్ణయము లన్నియు నిలువలేదు. మొహెంజోదారో అస్థిపంజరములనుబట్టి ఆర్యుల దాడిని ఊహించెను. అవి యన్నియు ఒకే సంఘటనకు చెందినవి కావని తరువాతి పరిశోధకులు తేల్చిరి. పొరలను జాగ్రత్తగా చూడవలెనన్న ఆయన పాఠమే ఆయన ఊహను సవరించినది.

1948లో పదవీకాలము ముగియగా, తరువాత స్వదేశమున టెలివిజన్ ద్వారా పురాతత్త్వమును ఇంటింటికి చేర్చెను. 1954లో అచ్చట టెలివిజన్ ప్రముఖునిగా ఎన్నికయ్యెను. 1976 జూలై 22వ తేదీన పరమపదించెను.

ఆయన భారతదేశమును వీడిన ఆరేండ్లకు, 1954లో, జలాశయమున మునుగనున్న నాగార్జునకొండ లోయలో శాఖవారు పెద్దయెత్తున త్రవ్వకములు ప్రారంభించి 1960 వరకు సాగించిరి. నీరు వచ్చులోగా పని ముగియవలెను. మరల చూతమన్న వీలులేదు. చేయితిరిగిన సిబ్బంది విలువ యెంతటిదో ఇట్టి వేళలందే తెలియును. ఆ లోయనుండి తరలింపబడిన కట్టడములను, శిల్పములను నేడు కొండమీదను, అనుపులోను మనము కుటుంబసమేతముగా దర్శింపగలుగుచున్నాము.