మాలిక్ అంబర్

మాలిక్ అంబర్ (సుమారు 1548 - 1626) దక్కను చరిత్రలో ప్రసిద్ధి చెందిన సేనాని, రాజనీతిజ్ఞుడు. ఆఫ్రికా ఖండంలోని ఇథియోపియాలో జన్మించి, చిన్నతనంలోనే బానిసగా అమ్ముడుపోయిన ఇతడు అహ్మద్‌నగర్ నిజాంషాహీ రాజ్యానికి పేష్వాగా ఎదిగి, సుమారు పాతికేళ్ళు మొఘలులను నిలువరించాడు. ఔరంగాబాదు నగరానికి పునాది వేసినది ఇతడే.

బాల్యం, బానిసత్వం

ఇతని తొలి పేరు చాపు. బానిస వర్తకుల ద్వారా అరేబియా మీదుగా బాగ్దాదు చేరాడు. అక్కడి యజమాని ఇతనికి చదువు చెప్పించి, అంబర్ అని పేరు పెట్టాడు. తరువాత దక్కనుకు తీసుకురాబడిన ఇతనిని అహ్మద్‌నగర్ పేష్వా చంగేజ్ ఖాన్ కొనుగోలు చేశాడు. ఆ పేష్వా కూడా ఒకప్పుడు బానిసగా వచ్చిన ఆఫ్రికా వాడే. ఆ కాలంలో దక్కను సుల్తానుల సైన్యాలలో హబ్షీలు అని పిలువబడే ఆఫ్రికన్లు అధిక సంఖ్యలో ఉండేవారు. యజమాని మరణానంతరం అంబర్ స్వేచ్ఛ పొంది, కొంతకాలం బీజాపూరు కొలువులో పనిచేశాడు. మాలిక్ అనే బిరుదు అక్కడే లభించింది.

అధికారం, యుద్ధాలు

1600లో మొఘలులు అహ్మద్‌నగర్ కోటను స్వాధీనం చేసుకున్నారు. రాజ్యం అంతరించిందని అందరూ భావించిన ఆ తరుణంలో అంబర్, రాజవంశానికి చెందిన రెండవ ముర్తజాను సింహాసనంపై నిలిపి, తన కుమార్తెనిచ్చి వివాహం జరిపించాడు. తరువాత అతనితో విభేదాలు తలెత్తగా, 1610లో అతనిని విషప్రయోగంతో తొలగించి, అతని కుమారుని గద్దెనెక్కించాడు.

మొఘలుల పెద్ద సైన్యాలతో ముఖాముఖి తలపడక, మరాఠా ఆశ్వికులతో వారి సరఫరా మార్గాలను దెబ్బతీయడం అంబర్ యుద్ధవిధానం. 1617లోను, 1621లోను షాజహాను (అప్పటి ఖుర్రం) దండెత్తినపుడు సంధికి అంగీకరించవలసి వచ్చింది. అయినా 1624లో భాత్వాడి వద్ద మొఘలు, బీజాపూరు ఉమ్మడి సేనలను ఓడించాడు. అక్కడి చెరువు నీటిని వదిలి శత్రువుల దారులను బురదమయం చేశాడు. శివాజీ తండ్రి షాహాజీ ఈ యుద్ధంలో అంబర్ పక్షాన పోరాడాడు.

పరిపాలన

భూసారాన్ని బట్టి శిస్తు నిర్ణయించి, శిస్తు వసూలును గుత్తకు ఇచ్చే పద్ధతిని రద్దు చేశాడు. 1610లో ఖడ్కీ గ్రామం వద్ద నూతన నగరాన్ని నిర్మించాడు. కొండల ప్రాంతపు భూగర్భజలాన్ని వాలు ఆధారంగా నగరానికి చేర్చే ఇక్కడి భూగర్భ కాలువలు నహర్-ఎ-అంబరీగా పేరొందాయి. ఖడ్కీకి తరువాత ఔరంగజేబు పేరు వచ్చింది. అసఫ్‌జాహీల కాలం నుండి 1956 వరకు హైదరాబాదు రాజ్యంలో భాగంగా ఉన్న ఈ నగరం 2023లో ఛత్రపతి శంభాజీనగర్‌గా మారింది.

మరణం, కీర్తి

అంబర్ 1626లో మరణించాడు. సమాధి ఖుల్దాబాదులో ఉంది. ఇతని కుమారుడు ఫతే ఖాన్ 1633లో దౌలతాబాదు కోటను మొఘలులకు అప్పగించాడు. 1636 నాటికి నిజాంషాహీ రాజ్యం పూర్తిగా అంతరించింది.

అంబర్‌ను జయించలేకపోయిన జహంగీరు, అతని తెగిన తలపై తాను బాణం వేస్తున్నట్లు చిత్రం గీయించుకున్నాడు. అదే జహంగీరు కొలువులోని చరిత్రకారుడు ముతమిద్ ఖాన్ మాత్రం అంబర్ యుద్ధనైపుణ్యాన్ని, పాలనాదక్షతను ప్రశంసించాడు.