తలుపులు మూయని వైద్యురాలు నీజీ ద సిల్వేయిరా

మానసిక వైద్యశాల నుంచి విడుదలైన మనిషికి అసలైన పరీక్ష ఇంటికి చేరిన తరువాతే మొదలవుతుంది. ఆ సత్యాన్ని గుర్తించి, నలుగురితో కలిసి బొమ్మలు వేయడాన్ని, మట్టిని మలచడాన్ని చికిత్సగా నిలబెట్టిన వైద్యురాలు బ్రెజిల్‌కు చెందిన నీజీ ద సిల్వేయిరా.

ఈశాన్య బ్రెజిల్‌లోని మసెయో నగరంలో 1905 ఫిబ్రవరి 15న ఆమె జన్మించారు. 1926లో బాహియా వైద్య కళాశాల నుంచి పట్టభద్రులైనప్పుడు, 150 మందికి పైగా ఉన్న ఆ తరగతిలో ఆమె ఒక్కరే మహిళ. తండ్రి మరణానంతరం రియో డి జనీరో చేరి, 1933లో ప్రభుత్వ మానసిక వైద్యురాలిగా ఉద్యోగం పొందారు. మార్క్సిస్టు గ్రంథాలు దగ్గర ఉంచుకున్నారన్న ఫిర్యాదుపై 1936లో అరెస్టయి, ఏడాదికి పైగా కారాగారంలో గడిపారు. సుప్రసిద్ధ నవలా రచయిత గ్రాసిలియానో రామోస్ అప్పుడు ఆమె తోటి ఖైదీ. తన జైలు జ్ఞాపకాలలో ఆయన ఆమెను స్మరించారు. విడుదలైన తరువాత కూడా 1944 వరకు ఆమె ఉద్యోగానికి దూరంగానే ఉండవలసి వచ్చింది.

తిరిగి విధుల్లో చేరేనాటికి రియో శివారులోని ఎంజెన్యో ది డెంత్రో వైద్యశాలలో విద్యుత్ షాక్, ఇన్సులిన్ షాక్, మెదడులోని నాడీబంధాలను తెగ్గోసే లోబోటమీ వంటివి ఆధునిక చికిత్సలుగా చెలామణి అవుతున్నాయి. షాక్ యంత్రం మీట నొక్కమని సహవైద్యుడు కోరినప్పుడు ఆమె నిరాకరించారు. ఫలితంగా, ఎవరూ పట్టించుకోని ఆక్యుపేషనల్ థెరపీ విభాగం ఆమెకు దక్కింది. అక్కడ రోగులకు చికిత్స పేరిట ఊడ్చే పని, తుడిచే పని అప్పగించేవారు. ఆ పద్ధతిని ఆమె మార్చివేశారు. కుట్టుపని, పుస్తకాల బైండింగు, సంగీతం వంటి వ్యాపకాలతో పాటు 1946లో యువ చిత్రకారుడు అల్మీర్ మవిన్యేర్ సహకారంతో చిత్రలేఖన శాలను ప్రారంభించారు. బొమ్మ ఎలా వేయాలో అక్కడ ఎవరూ నేర్పలేదు. రంగులు, కాగితం, ఆప్యాయంగా పక్కన కూర్చునే మనిషి అందుబాటులో ఉండేవారు.

అక్కడికి వచ్చిన ఫెర్నాండో జినీజ్ కుట్టుపనితో జీవనం సాగించిన పేద తల్లి కుమారుడు. బాల్యంలో తల్లి వెంట చూసిన సంపన్నుల ఇళ్లు అతని మనసులో నిలిచిపోయాయి. మొదట్లో వస్తువులన్నీ చిందరవందరగా కనిపించిన అతని చిత్రాల్లో క్రమంగా కుర్చీ, బల్ల, పియానో వేటికవి విడివడి, చివరకు కుదురైన గదిగా అమరాయి. ఇటువంటి చిత్రాలను అమ్మకానికి పెట్టకుండా, ఒక్కొక్కరి అంతరంగ ప్రయాణాన్ని వరుసక్రమంలో అధ్యయనం చేసేందుకు ఆమె భద్రపరిచారు. ఆ సంకల్పంతోనే 1952లో అచేతన చిత్రాల మ్యూజియం వెలసింది. రోగుల చిత్రాల్లో పదే పదే కనిపించిన వృత్తాకారాల గురించి 1954లో ఆమె మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్‌కు లేఖ రాశారు. అవి మండలాలేనని ఆయన ధ్రువీకరించారు. 1957లో జ్యూరిక్‌లో జరిగిన ఆ చిత్రాల ప్రదర్శనను యూంగ్ స్వయంగా సందర్శించారు.

అయితే కీర్తి కంటే మరొక విషయం ఆమెను కలవరపెట్టింది. కోలుకొని వెళ్లినవారిలో ఎందరో కొద్దికాలానికే మళ్లీ ఆసుపత్రిలో చేరుతున్నారు. ఆసుపత్రికి, ఇంటికి నడుమ ఒక వంతెన లేకపోవడమే ఇందుకు కారణమని ఆమె భావించారు. ఆ లోటు తీర్చేందుకు 1956 డిసెంబరులో కొందరు సహచరులతో కలిసి కాజా దాస్ పల్మేయిరాస్, అంటే తాటిచెట్ల ఇల్లు, స్థాపించారు. వచ్చేవారు పగటిపూట అక్కడ గడిపి ఇళ్లకు వెళ్లేవారు. తలుపులు, కిటికీలు తెరిచే ఉండేవి. వైద్యులకు తెల్లకోటు లేదు. ఒకే బల్ల చుట్టూ అందరూ చేరి పనిచేస్తుంటే వైద్యులెవరో, వైద్యం పొందేవారెవరో కొత్తవారికి పోల్చుకోవడం కష్టమయ్యేది. చేతితో పదార్థాన్ని తాకి మలచేటప్పుడు కలిగే అనుభూతికి అక్కడికి వచ్చే ఒకరు పెట్టిన పేరునే ఆమె తన చికిత్సా విధానానికి స్వీకరించారు. కారాగారవాసం ఎరిగిన ఆమెకు మూసిన తలుపు అంటే ఏమిటో ఎవరూ చెప్పనవసరం లేదు.

1975లో పదవీ విరమణ చేసినా ఆమె తన కృషిని విరమించలేదు. 1999 అక్టోబరు 30న, 94 ఏళ్ల వయసులో రియోలో కన్నుమూశారు. మానసిక రోగులకు సమాజం మధ్యనే చికిత్స అందాలని నిర్దేశించే చట్టాన్ని బ్రెజిల్ 2001లో చేసింది. ఆమె షాక్ మీట నొక్కనని నిరాకరించిన ఆ వైద్యశాల కాలక్రమంలో ఆమె పేరునే ధరించింది. అక్కడి మ్యూజియంలో నేడు మూడున్నర లక్షలకు పైగా కళాకృతులు భద్రంగా ఉన్నాయి.