దీనబంధు సి.ఎఫ్. ఆండ్రూస్



మన తాతముత్తాతలు బ్రతుకుతెరువు కొరకు సొంత ఊళ్లు విడిచి గనులకు, మిల్లులకు, రైలు పనులకు వలస వచ్చినవారు. అటువంటి వలస కూలీల కొరకు తన జీవితమును ధారపోసిన ఒక దైవజనుని గూర్చి ఈ నెల తెలిసికొందము. ఆయన పేరు చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్.

ఆయన 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లాండులోని న్యూకాసిల్ పట్టణంలో జన్మించారు. తండ్రి భక్తిగల సేవకుడు. ఆండ్రూస్ చిన్నతనంలో, తండ్రి నమ్మిన స్నేహితుడొకడు ఆ కుటుంబపు ఆస్తిని పోగొట్టాడు. ఇల్లంతా పేదరికంలో పడింది. అయినను ఆ తండ్రి స్నేహితుని శపించలేదు. కుటుంబ ప్రార్థనలో అతని కొరకే ప్రార్థించాడు. ఆ సాయంకాలపు ప్రార్థన కుమారుని హృదయంలో జీవితాంతము నిలిచిపోయింది.

కేంబ్రిడ్జిలో చదువు ముగించి, లండన్‌లోని వాల్‌వర్త్ అను బీదల పేటలో సేవచేసిన తరువాత, 1904లో మిషనెరీగా ఢిల్లీ వచ్చి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యారు. 1906లో ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయింది. ఆంగ్లేయుడే ఆ కుర్చీలో కూర్చోవలెనను రోజులవి. ఆండ్రూస్ మాత్రం తనకంటె అనుభవంలో పెద్దవాడైన భారతీయ క్రైస్తవుడు సుశీల్ కుమార్ రుద్రకే ఆ పదవి ఇవ్వాలని పట్టుబట్టారు. రుద్ర ప్రిన్సిపాల్ అయ్యారు. ఆండ్రూస్ ఆయన క్రింద సంతోషంగా పనిచేశారు. క్రీస్తునందు జాతిభేదము లేదని బోధించుట సులభము, కుర్చీ వదులుకొనుట కష్టము.

ఢిల్లీలోనే మున్షీ జకావుల్లా అను వృద్ధ ముస్లిం పండితుడు ఆయనకు ఆప్తమిత్రుడయ్యాడు. హిందువులు, ముస్లింలు కలిసిమెలిసి బ్రతికిన పాత ఢిల్లీ సంగతులు ఆయన నోట విన్నారు. తరువాత 1929లో ఆ మిత్రుని జీవితచరిత్రను ఆండ్రూస్ స్వయంగా వ్రాసి ప్రచురించారు.

1914 జనవరిలో దక్షిణాఫ్రికా వెళ్లి, డర్బన్ రేవులో గాంధీగారిని మొదటిసారి చూచి, వంగి ఆయన పాదములను తాకారు. తెల్లవాడు భారతీయుని పాదాలంటుటయా అని అక్కడి తెల్లదొరలు మండిపడ్డారు. అదే సంవత్సరంలో గురువుగా తన అధికార హోదాను విడిచి, రవీంద్రనాథ్ టాగోరు శాంతినికేతనంలో చేరారు. సంఘ విశ్వాస ప్రమాణములలో కొన్ని ఆయన మనస్సాక్షిని బాధించాయి. ఈ విషయంలో ఆయన మార్గము మనలో అందరికీ సమ్మతము కాకపోవచ్చు. అయితే ఆయన క్రీస్తును విడువలేదు. 1932లో తాను క్రీస్తుకు ఎంత ఋణపడియున్నాడో ఒక పుస్తకముగా వ్రాశారు.

ఆయన చేసిన గొప్ప కార్యము ఫిజీ దీవులలో జరిగింది. 1879 నుండి 1916 వరకు దాదాపు 60,000 మంది భారతీయులను ఐదేండ్ల ఒప్పందముపై అక్కడి చెరకు తోటలకు ఓడలలో తరలించారు. 1903 నుండి మద్రాసు రేవు నుండి వెళ్లినవారిలో మన తెలుగువారును ఉన్నారు. అక్షరము రానివారు వేలిముద్ర వేసి, ఎక్కడికి పోవుచున్నారో తెలియక ఓడ ఎక్కారు. పని మానితే జైలు. కూలీ లైన్లలో ఇరుకు గదులు. స్త్రీలు తక్కువ, వారి మానమునకు రక్షణ లేదు. ఆత్మహత్యలు ఎన్నో.

1915లో ఆండ్రూస్, తన మిత్రుడు పియర్సన్‌తో అక్కడికి వెళ్లి, ఆ లైన్లు తిరిగి, కూలీల కన్నీటి కథలు విని నివేదిక వ్రాశారు. 1917లో మరల వెళ్లారు. దేశమంతట ఆందోళన లేచింది. కూలీల ఎగుమతి ఆగిపోయింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందములన్నియు రద్దయినవి. దిక్కులేనివారు ఆయనను దీనబంధు అని పిలుచుకొన్నారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు ఆయన అధ్యక్షుడయ్యారు.

1924లో హిందూ ముస్లిం కలహములు చెలరేగినప్పుడు గాంధీగారు ఢిల్లీలో, మౌలానా మహమ్మద్ అలీ ఇంట, 21 రోజుల ఉపవాసము ప్రారంభించారు. ఆండ్రూస్ ఆయన చెంతనే ఉన్నారు. అక్టోబరు 8న ఉపవాసము ముగియునప్పుడు ఇమాం సాహెబు ఖురాను చదివారు, వినోబా ఉపనిషత్తు చదివారు, ఆండ్రూస్ ఐజాక్ వాట్స్ రచించిన సిలువ కీర్తన పాడారు. గమనించండి! ఆయన తన ప్రభువును దాచలేదు, ఇతరులను నొప్పించనూ లేదు.

1940 ఏప్రిల్ 5న కలకత్తాలో ప్రభువునందు నిద్రించారు. ఆయన సమాధి ఆ నగరంలోనే ఉన్నది. 1971లో భారత ప్రభుత్వము ఆయన జ్ఞాపకార్థము తపాలా బిళ్ల విడుదల చేసింది.

ప్రియులారా, పొరుగు భాషవారి మధ్య, పొరుగు మతస్థుల మధ్య మనము తరతరాలుగా కాపురముంటున్నాము. మన వీధిలో గొడవ లేచిన దినమున మన తలుపు ఎవరికి తెరచియుండును? ఈనాడు మన పట్టణాలకు క్రొత్తగా పనికొరకు వచ్చిన కూలీలు మన గుడి ప్రక్కనే గుడిసెలలో ఉన్నారు. వారి పేరైనను మనకు తెలియునా? మంచి సమరయుని కథ మనకు కంఠతా వచ్చును. దానిని నడిచి చూపిన ఈ సేవకుని జీవితము మనలను మేల్కొలుపును గాక! ఆమేన్.