టీవీ ట్యూనర్ వెనక మనిషి

పోయిన సెమిస్టర్‌లో మా హాస్టల్ కామన్ రూమ్ టీవీ పాడైపోయింది. కొత్తది ఎంచుకునే పని మా ఈసీఈ వాళ్ళ నెత్తిన పడింది. టీవీ మీ బ్రాంచ్ సబ్జెక్టే కదా అని మెకానికల్ వాళ్ళు హాయిగా తప్పుకున్నారు. నాలుగైదు మోడళ్ళు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. ఎన్ని ఇంచీలు, 4కేనా కాదా, స్పీకర్లు ఎన్ని వాట్లు, హెచ్‌డీఎంఐ పోర్టులు ఎన్ని... గంటసేపు ఇదే గోల. స్పెసిఫికేషన్ల పట్టికలో అట్టడుగున ట్యూనర్ అని ఒక లైను ఉంది. ఒక మోడల్‌కి అక్కడ డీవీబీ-టీ2, సీ, ఎస్2 అని రాసుంది. ఇంకోదానికి ఆ లైనే లేదు. ఆ తేడా ఏంటన్నా అని ఒక ఫస్ట్ ఇయర్ తమ్ముడు అడిగాడు. థర్డ్ ఇయర్ ఈసీఈ వాళ్ళం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

నిజం చెప్పాలంటే సిగ్గేసింది. సూపర్‌హెటరోడైన్ రిసీవర్ బ్లాక్ డయాగ్రం మేమందరం రికార్డులో స్కేలు పెట్టి మరీ గీశాం. మార్కులూ వచ్చాయి. ఆ డబ్బాలకీ గోడ మీది టీవీకీ సంబంధం ఉందని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆ రాత్రి కూర్చుని ఆ డబ్బాలు ఎవరివో చదివాను. టీవీ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆయన కథ వినండి.

ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1890 డిసెంబర్ 18న న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అమెరికా శాఖలో ఉద్యోగి. తల్లి పెళ్ళికి ముందు టీచరు. చిన్నతనంలో వచ్చిన ఒక జబ్బు వల్ల ఆయనకి భుజం, మెడ అప్పుడప్పుడూ అదిరే అలవాటు జీవితాంతం ఉండిపోయింది. ఆ జబ్బుతోనే రెండేళ్ళు బడికి దూరమై ఇంట్లోనే చదువుకున్నాడు. మార్కోనీ గురించి చదివి, తనూ ఏదో ఒకటి కనిపెట్టాలని చిన్నతనంలోనే నిశ్చయించుకున్నాడు. తర్వాత యాంకర్స్ అనే ఊళ్ళో, హడ్సన్ నది కనిపించే ఇంటి పెరట్లో, సుమారు 125 అడుగుల యాంటెన్నా స్తంభం సొంతంగా నిలబెట్టాడు. ఎత్తంటే భయం లేదు. పైగా సరదా.

కొలంబియా యూనివర్సిటీకి ఎర్ర మోటార్ సైకిల్ మీద వెళ్ళేవాడు. క్లాసులో చెప్పింది తలూపి ఒప్పుకునే రకం కాదు, కొలిచి చూసుకునే రకం. అప్పటికి లీ డీ ఫారెస్ట్ అనే ఆయన ఆడియన్ అనే వాక్యూమ్ ట్యూబు కనిపెట్టి ఆరేళ్ళయింది. అది లోపల ఎలా పనిచేస్తుందో కనిపెట్టిన మనిషే సరిగ్గా వివరించలేకపోయాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ట్యూబులో కరెంటు ఎక్కడ ఎంత పోతోందో ఓపికగా కొలిచాడు. 1912లో ఇంకా డిగ్రీ కూడా అవ్వకుండానే, ట్యూబు ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని తిరిగి ఇన్‌పుట్‌కి పంపి చూశాడు. ఊయల వెనక్కొచ్చిన ప్రతిసారీ సరైన సమయానికి చిన్నగా తోస్తే ఎంత ఎత్తుకి పోతుందో, సిగ్నల్ కూడా అంతే పెరిగింది. ఇయర్‌ఫోన్ చెవికి నొక్కిపెట్టి వినాల్సిన శబ్దం గదంతా వినిపించింది. ఇంకాస్త తోస్తే ట్యూబు తానే తరంగాలు పుట్టించడం మొదలెట్టింది. అదే మనం చదివే ఫీడ్‌బ్యాక్, అదే ఆసిలేటర్. దానికి రీజనరేషన్ అని పేరు.

పేటెంట్‌కి డబ్బు కావాలి. డిగ్రీ అయ్యేదాకా ఇవ్వనని తండ్రి తేల్చేశాడు. చేసేదేం లేక 1913 జనవరి 31న సర్క్యూట్ బొమ్మ గీసి నోటరీ చేయించుకున్నాడు. ఈ తేదీ గుర్తుంచుకోండి. దరఖాస్తు పెట్టింది మాత్రం అక్టోబర్ నెలాఖరున. ఆ తొమ్మిది నెలల ఆలస్యం తర్వాత ఆయన్ని చాలా ఏడిపించింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆర్మ్‌స్ట్రాంగ్ అమెరికా సైన్యం సిగ్నల్ కోర్‌లో అధికారిగా పారిస్ వెళ్ళాడు. బలహీనంగా వచ్చే ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నళ్ళని అప్పటి ట్యూబులు పెంచలేకపోయేవి. 1918లో ఆయన వేసిన ఉపాయం ఇదీ. వచ్చే సిగ్నల్‌ని ఉన్నచోటే పెంచడానికి తంటాలు పడొద్దు. రిసీవర్‌లోనే ఇంకో ఫ్రీక్వెన్సీ పుట్టించి రెండిటినీ కలిపితే, వాటి తేడా ఫ్రీక్వెన్సీ వస్తుంది. లోపలి ఫ్రీక్వెన్సీని స్టేషన్‌కి తగ్గట్టు మారుస్తూ పోతే, ఏ స్టేషనైనా ఆ ఒక్క తేడా దగ్గరికే దిగొస్తుంది. అక్కడ పనిచేసే ఒకే ఒక్క మంచి ఆంప్లిఫయర్ కట్టుకుంటే చాలు. మన రికార్డులోని మిక్సర్, లోకల్ ఆసిలేటర్, ఐఎఫ్ డబ్బాలు ఇవే. ఈ దారిలో ఆయనొక్కడే లేడన్నదీ నిజమే. ఫ్రాన్స్‌లో లూసియన్ లెవీ అంతకుముందే ఇలాంటి దానికి పేటెంట్ కోరాడు, దాని మీదా వివాదం నడిచింది. పనికొచ్చే రిసీవర్‌గా దాన్ని లోకానికి అలవాటు చేసిన పేరు మాత్రం ఆర్మ్‌స్ట్రాంగ్‌కే మిగిలింది.

1920లో ఈ రెండు ఆవిష్కరణల హక్కులూ వెస్టింగ్‌హౌస్ కంపెనీ 3,35,000 డాలర్లకి కొంది. రెండేళ్ళ తర్వాత సూపర్ రీజనరేషన్ అనే ఇంకో సర్క్యూట్‌కి ఆర్‌సీఏ కంపెనీ 2,00,000 డాలర్లూ 60,000 షేర్లూ ఇచ్చింది. ఆర్‌సీఏని నడిపిస్తున్న డేవిడ్ సార్నాఫ్ ఆయనకి మంచి స్నేహితుడు. ఆ సార్నాఫ్ సెక్రటరీ మేరియన్ మెకినిస్‌నే ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రేమించాడు. 1923లో న్యూయార్క్‌లోని ఆర్‌సీఏ టవర్ కొసకంటా ఎక్కి ఫొటోలు దిగాడు. సార్నాఫ్‌కి కోపమొచ్చి ఇక అటువైపు రావద్దన్నాడు. అదే ఏడాది డిసెంబర్‌లో పెళ్ళి. పెళ్ళికూతురికి ఆయనిచ్చిన కానుక, చేత్తో మోసుకెళ్ళే సూపర్‌హెటరోడైన్ రేడియో. హనీమూన్‌లో సముద్రపు ఒడ్డున ఆ రేడియో పక్కన ఇద్దరూ కూర్చున్న ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. ఆయన జీవితంలో ఎండ బాగా కాసిన రోజులవి.

మబ్బు కోర్టు వైపు నుంచి కమ్మింది. రీజనరేషన్ నాదేనని డీ ఫారెస్ట్ వాదించాడు. మొదట్లో ఆర్మ్‌స్ట్రాంగే గెలిచాడు. తర్వాత తీర్పులు తిరగబడ్డాయి. 1928లో ఒకసారి, 1934లో మరోసారి అమెరికా సుప్రీం కోర్టు డీ ఫారెస్ట్ పక్షానే నిలిచింది. సాంకేతిక విషయం జడ్జిలకి సరిగ్గా అర్థం కాలేదని ఇంజనీర్లు చాలామంది అనుకున్నారు. ఓడాక ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంజనీర్ల సంఘం సమావేశానికి వెళ్ళాడు. రీజనరేషన్‌కి వాళ్ళిచ్చిన పతకాన్ని తిరిగిచ్చేద్దామని. సంఘం దాన్ని తీసుకోలేదు. ఆ గౌరవం నీదేనని మళ్ళీ నొక్కి చెప్పింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కోర్టులో పోయిన పేరు తోటివాళ్ళ మధ్య నిలిచింది.

ఇదంతా జరుగుతుండగానే ఆయన ఇంకో పెద్ద పని పూర్తిచేశాడు. ఉరుము ఉరిమితే రేడియో గరగరలాడటం అప్పట్లో మామూలు. ఏఎంలో మాట తరంగం ఎత్తు మీద ప్రయాణిస్తుంది, మెరుపు చెడగొట్టేదీ ఆ ఎత్తునే. ఎత్తు కదలకుండా ఫ్రీక్వెన్సీనే మారిస్తే? ఎఫ్‌ఎం వల్ల లాభమేమీ లేదని 1922లోనే జాన్ కార్సన్ లెక్కలు వేసి చూపించాడు. మన సిలబస్‌లోని కార్సన్ రూల్ ఆయనదే. ఆ లెక్క ఇరుకైన బ్యాండ్‌కి నిజమే. ఆర్మ్‌స్ట్రాంగ్ బ్యాండ్‌ని బాగా వెడల్పు చేసి చూశాడు. గరగర మాయమైంది. 1933 డిసెంబర్ 26న పేటెంట్లు వచ్చాయి. 1935 నవంబర్‌లో న్యూయార్క్ ఇంజనీర్ల ముందు ప్రదర్శన పెట్టాడు. యాంకర్స్‌లో గ్లాసులోకి నీళ్ళు పోసిన చప్పుడు, కాగితం నలిపిన చప్పుడు ఇక్కడి హాల్లో ఉన్నదున్నట్టు వినిపించాయి.

సార్నాఫ్ చూపు మాత్రం టీవీ మీద ఉంది. ఎఫ్‌ఎం ప్రయోగాలకి ఎంపైర్ స్టేట్ భవనంలో ఇచ్చిన చోటు 1935లో టీవీ కోసం వెనక్కి తీసుకున్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ సొంత డబ్బుతో న్యూజెర్సీలోని ఆల్పైన్ దగ్గర 425 అడుగుల టవర్ కట్టుకున్నాడు. విచిత్రం చూడండి, 1941లో అమెరికా టీవీ ప్రమాణం ఖరారైనప్పుడు టీవీ శబ్దానికి ఎఫ్‌ఎంనే ఎంచుకున్నారు. మన అమ్మానాన్నలు ఆదివారం పూట చూసిన దూరదర్శన్ అనలాగ్ ప్రసారంలో కూడా బొమ్మ ఏఎంలో, మాట ఎఫ్‌ఎంలో వచ్చేవి. పేటెంట్‌కి ఒకేసారి 10 లక్షల డాలర్లు ఇస్తాం, ఆపై రాయల్టీ అడగొద్దని ఆర్‌సీఏ బేరం పెట్టింది. మిగతా కంపెనీలు రాయల్టీ కడుతుంటే ఒక్కరికే ఆ వెసులుబాటు ఎందుకని ఆయన ఒప్పుకోలేదు.

1945లో ఇంకో దెబ్బ. అప్పటిదాకా 42-50 మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఎఫ్‌ఎంని అమెరికా ప్రభుత్వ కమిషన్ ఎఫ్‌సీసీ 88-108కి మార్చేసింది. జనం ఇళ్ళలో ఉన్న సుమారు 5 లక్షల ఎఫ్‌ఎం రేడియోలు పనికిరాకుండా పోయాయి. రేడియోల్లో లోపమేమీ లేదు. వాటి ట్యూనర్ వెతికే చోట ఇప్పుడు స్టేషన్లు లేవు, అంతే.

1948లో ఆయన ఆర్‌సీఏ మీద కేసు వేశాడు. ఏళ్ళ తరబడి విచారణ సాగుతుండగానే 1950 డిసెంబర్‌లో పేటెంట్ల గడువు తీరిపోయింది. లాయర్లకే ఆస్తి కరిగిపోయింది. రాత్రీ పగలూ అదే ధ్యాస. 1953 నవంబర్‌లో, వృద్ధాప్యం కోసం మేరియన్ పేరున దాచిన డబ్బులో కొంత కేసుకి ఇమ్మన్నాడు. ఆమె కాదంది. కోపంలో ఆయన ఆమె చేతి మీద కొట్టాడు. ఆమె ఇల్లు వదిలి అక్కచెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. 1954 జనవరి 31 రాత్రి, భార్యకి క్షమాపణ ఉత్తరం రాసిపెట్టి, ఆర్మ్‌స్ట్రాంగ్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటికి 63 ఏళ్ళు. ఆ నోటరీ బొమ్మ గీసిన రోజుకి సరిగ్గా 41 ఏళ్ళు.

మేరియన్ ఆ ఏడాదే ఆర్‌సీఏతో 10 లక్షల డాలర్ల పైచిలుకుకి రాజీ చేసుకుంది. మిగతా కంపెనీలని మాత్రం వదల్లేదు. ఒక్కొక్కటే గెలుస్తూ, చివరి కేసు 1967లో ముగించింది. ఆయన న్యాయంగా అడిగినవన్నీ ఆయన లేకుండానే వచ్చాయి.

నన్ను ఇప్పటికీ ఆపి ఆలోచింపజేసేది ఆ చివరి రెండు మూడు నెలలే. టెక్నాలజీ విషయంలో ఆయన చెప్పింది చాలావరకు నిజమైంది. కానీ పక్కన కూర్చుని ఇవాళ్టికి చాలు, పడుకో అని చెప్పే మనిషిని తనే దూరం చేసుకున్నాడు. బ్యాక్‌లాగులో, ప్లేస్‌మెంట్లో, ఇంకేదో మనల్నీ రాత్రుళ్ళు ఒంటరిగా కూర్చోబెడతాయి కదా. అప్పుడు పక్క రూమ్ తలుపు కొట్టండి. గెలుపు కొన్నాళ్ళు ఆలస్యమైనా ఫర్వాలేదు, దాన్ని చూడటానికి మనం ఉండాలి.

ఇక టీవీ సంగతి. టీ2 అంటే యాంటెన్నాతో నేల మీది టవర్ల నుంచి వచ్చేది, సీ అంటే కేబుల్, ఎస్2 అంటే డిష్. ఎస్2 ట్యూనర్ లోపలే ఉంటే, డిష్ వైరు నేరుగా టీవీకి పెట్టి, తాళం వెయ్యని ఉచిత ఛానళ్ళు వేరే బాక్సు లేకుండా చూడొచ్చు. ఒకే రిమోట్ సరిపోతుంది. డబ్బు కట్టే ఛానళ్ళకి మాత్రం ఆపరేటర్ బాక్సు ఎలాగూ కావాలి. ఇలా శాటిలైట్ ట్యూనర్ లోపలే ఉండే టీవీలకి మన బీఐఎస్ 2022లో ఐఎస్ 18112 అనే ప్రమాణం కూడా తెచ్చింది. అమెరికా నుంచి తిరిగొస్తూ టీవీ మోసుకొచ్చే బంధువులుంటే ముందే చెప్పండి, అక్కడి ట్యూనర్ ఏటీఎస్‌సీ పద్ధతిది, మన ప్రసారాలు దానికి అందవు. హెచ్‌డీఎంఐలో బాక్సు పెట్టుకుంటేనే ఉపయోగం. 1945 నాటి ఆ 5 లక్షల రేడియోల కథే ఇది. తెర ఎంత బాగున్నా, ట్యూనర్ మనం ఉండే చోటికి సరిపోవాలి.

మేం ఎస్2 ఉన్నదే కొన్నాం. మర్నాడు ఆ ఫస్ట్ ఇయర్ తమ్ముణ్ణి డాబా మీదికి తీసుకెళ్ళి డిష్ ముందు చిన్న డబ్బాలా ఉండే ఎల్‌ఎన్‌బీని చూపించాను. ఉపగ్రహం నుంచి 11 గిగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ వస్తుంది. ఎల్‌ఎన్‌బీ తనలో 9.75 గిగాహెర్ట్జ్ పుట్టించి రెండిటినీ కలుపుతుంది. తేడా 1.25 వైరులో దిగి ట్యూనర్‌కి చేరుతుంది. పారిస్‌లో 1918లో వేసిన ఆ ఉపాయమే మా డాబా మీద ఎండలో పనిచేస్తోంది. ఎవరు కనిపెట్టారన్నా అని వాడు అడిగాడు. ఈసారి మొహాలు చూసుకోకుండా పేరు చెప్పాను.