ఒరలో ఉన్న కత్తి: విల్బర్‌ఫోర్స్ నాలుక నేర్పే పాఠం



మన రాజ్యాంగంలోని 19వ అధికరణం ప్రతి పౌరుడికీ మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది. సంఖ్యలో తక్కువవారమైన మనకు ఆ హక్కు విలువ ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే హక్కు ఉందా లేదా అన్నది న్యాయస్థానం తేలుస్తుంది. ఉన్న హక్కును ఎలా వాడుకోవాలన్నది దేవుని వాక్యం తేలుస్తుంది. చిన్న నిప్పురవ్వ పెద్ద అడవిని కాల్చినట్టు నాలుక మనిషి బ్రతుకంతటినీ కాల్చగలదని యాకోబు పత్రిక మూడవ అధ్యాయం హెచ్చరిస్తోంది. మన మాటల్లో కృప, ఉప్పు రెండూ ఉండాలని పౌలు కొలొస్సయులకు నేర్పాడు.

ఇవి ప్రతి ఆదివారం వినే మాటలే. కానీ సోమవారం వచ్చేసరికి మన యువకుల్లో ఒక ప్రశ్న లేస్తోంది. మనల్ని తిట్టేవారు తిడుతూనే ఉన్నారు, మనం మెత్తగా మాట్లాడితే అది పిరికితనం కాదా? అన్యాయం కళ్ళముందు జరుగుతుంటే సాత్వికంతో ఏం సాధిస్తాం? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదని మేము అనుకుంటున్నాం. అందుకే ఈ వారం ఒక దైవజనుని జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాం. ఆయన గెలిచిన చోటే కాదు, తప్పిన చోటు కూడా.

విలియం విల్బర్‌ఫోర్స్ 1759 ఆగస్టు 24న ఇంగ్లండులోని హల్ అనే ఓడరేవు పట్టణంలో, సంపన్న వర్తక కుటుంబంలో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదువు కన్నా విందులూ పేకాటలే ఎక్కువ. 21 ఏళ్ళకే, 1780లో, సొంత ఊరి నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. మనిషి పొట్టి, బక్కపలుచన. గొంతు మాత్రం తేనె. 1784లో యార్క్ కోట ఆవరణలో, గాలివానలో, బల్ల మీద నిలబడి వేలాది జనాన్ని మాటలతో కట్టిపడేశారు. ఆ ఊపులోనే దేశంలోని పెద్ద నియోజకవర్గాల్లో ఒకటైన యార్క్‌షైర్‌కు ప్రతినిధి అయ్యారు. కాబోయే ఎంపీలు కలలుగనే స్థానం అది.

ఆ నాలుకకు ఇంకో ముఖం కూడా ఉంది. ఎదుటివారిని అనుకరించి నవ్వించడంలో ఆయన దిట్ట. మాజీ ప్రధాని లార్డ్ నార్త్ నడక, మాట, వాలకం దించేసి మిత్రబృందాన్ని పొట్టచెక్కలయ్యేలా నవ్వించేవారు. అది గౌరవప్రదమైన విద్య కాదని లార్డ్ క్యామ్‌డెన్ అనే పెద్దమనిషి మందలించాల్సి వచ్చింది. సభలోనూ ప్రత్యర్థుల మీద ఆయన వ్యంగ్యం కత్తిలా దిగేది. పైగా సభలో సభ్యుడు అన్న మాటపై బయట ఏ కోర్టూ ప్రశ్నించరాదని 1689 నాటి హక్కుల చట్టం చెబుతోంది. అంటే ఆ దేశంలో ఆయనకున్నంత స్వేచ్ఛ గల నోరు సామాన్యుడికి లేదు. ఆయనను ఆపగల చట్టం లేదు. ఆపితే మనస్సాక్షే ఆపాలి.

ఆ మనస్సాక్షి 1785లో మేల్కొంది. ఐజక్ మిల్నర్ అనే పండితునితో కలిసి ఐరోపా ప్రయాణంలో ఫిలిప్ డాడ్రిడ్జ్ రాసిన భక్తి గ్రంథాన్ని, ఆపైన గ్రీకు క్రొత్త నిబంధనను చదివారు. వెలితి తెలిసింది. నెలల తరబడి వేదన పడ్డారు. ఆ డిసెంబరులో ఎవరికీ తెలియకుండా జాన్ న్యూటన్‌ను కలిశారు. ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్‌గా ఉండి, తర్వాత సేవకుడై, అమేజింగ్ గ్రేస్ పాటను రచించిన న్యూటనే ఆయన. రాజకీయాలు మానేయాలా అన్న సందేహం విల్బర్‌ఫోర్స్‌ది. ఉన్నచోటనే ఉండి దేవుణ్ణి సేవించమని న్యూటన్ సలహా. ఆ సలహా చరిత్రను మలుపు తిప్పింది.

మారుమనస్సు పొందినవారు త్రాగుడు మానారనీ, జూదం మానారనీ సాక్ష్యం చెబుతుంటాం. విల్బర్‌ఫోర్స్ వాటితో పాటు మరొకటి కూడా దేవునికి అప్పగించారు. అదే ఆయన నాలుక. అప్పటి నుంచి తన మాటలను దినచర్య పుస్తకంలో లెక్క చూసుకునేవారు. విందులకు వెళ్ళే ముందు, అక్కడి సంభాషణను మంచివైపు ఎలా మళ్ళించాలో ముందే ఆలోచించి పెట్టుకునేవారు. పరిచయస్తుల పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికీ తన మాట వల్ల ఏ మేలు కలగవచ్చో పక్కనే గుర్తు పెట్టుకునేవారు.

1787లో బానిస వ్యాపారం రద్దును ఆయన జీవితాశయంగా చేపట్టారు. ఆఫ్రికా తీరంలో మనుషులను కొని, ఓడల్లో పక్కకు తిరగడానికి కూడా చోటు లేకుండా పేర్చి, అట్లాంటిక్ దాటించి చెరకు తోటలకు అమ్మే వ్యాపారం అది. థామస్ క్లార్క్‌సన్ గుర్రం మీద రేవు రేవునా తిరిగి నావికుల సాక్ష్యాలు, సంకెళ్ళు, లెక్కలు సేకరించారు. బానిసత్వం నుంచి బయటపడ్డ ఒలౌడా ఈక్వియానో 1789లో తన జీవితకథను తానే ప్రచురించారు.

ఆ ఏడాది మే 12న విల్బర్‌ఫోర్స్ సభలో లేచారు. ఎదుట లివర్‌పూల్ వర్తకుల పక్షం. తిట్టడానికి ఇంతకన్నా తగిన సందర్భం, తగిన పాపం ఎక్కడుంటుంది? కానీ ఆయన ఎవరినీ నిందించడానికి లేవలేదని ముందే చెప్పారు. ఈ వ్యాపారాన్ని సాగనిచ్చిన పార్లమెంటు అంతా దోషేననీ, ఆ దోషుల్లో తానూ ఉన్నాననీ ఒప్పుకున్నారు. ఒక్కొక్క వర్తకుడూ విడిగా చూస్తే దయగలవాడే కావచ్చని కూడా అన్నారు.

మాట మెత్తగా ఉందని విషయం మెత్తబడలేదు. ఓడల్లో బానిసలు సంతోషంగా ఉంటారనీ, వారి గదులకు సాంబ్రాణి వేస్తారనీ, వారు ఆడిపాడతారనీ నోరిస్ అనే లివర్‌పూల్ వర్తకుడు ప్రభుత్వ విచారణలో చెప్పి ఉన్నాడు. విల్బర్‌ఫోర్స్ అతణ్ణి అబద్ధీకుడని అరవలేదు. సాక్ష్యాలు విప్పి చూపారు. సంకెళ్ళతో ఉన్నవారిని కొరడాతో గంతులు వేయించడమే ఆ నాట్యం. స్వదేశానికి దూరమైన ఏడుపే ఆ పాట. మూడు గంటలకు పైగా సాగిన ఆ ప్రసంగంలో ఆయన తనకోసం ఒక్క తిట్టునూ అప్పు తెచ్చుకోలేదు. అవసరం రాలేదు. మృదువైన నాలుక ఎముకను విరుస్తుందని సామెతల గ్రంథం 25వ అధ్యాయం చెప్పేది ఇదే.

ఎముక మాత్రం ఒక్కరోజులో విరగలేదు. 1791లో 163 ఓట్లకు 88తో బిల్లు ఓడింది. 1792లో హెన్రీ డండస్ రద్దు క్రమక్రమంగా జరగాలన్న సవరణ తెచ్చి దాన్ని నీరుగార్చారు. 1796లో కేవలం నాలుగు ఓట్ల తేడాతో, 74కు 70తో, ఓడిపోయింది. ఆ రాత్రి ఆయన పక్షం సభ్యులు కొందరు కొత్త సంగీత నాటకం చూడడానికి వెళ్ళారు! పళ్ళు కొరుక్కోవలసిన రాత్రి. ఆయన మరుసటి ఏడాది మళ్ళీ ప్రయత్నించారు.

నిందలూ తప్పలేదు. 1792లో సభ పట్టుబడితే, ఒక ఆఫ్రికన్ బాలికను హింసించి చంపాడని ఆరోపణ ఉన్న కింబర్ అనే కెప్టెన్ పేరు చెప్పారు. విచారణలో కింబర్ నిర్దోషిగా విడుదలై, బహిరంగ క్షమాపణ, 5,000 పౌండ్లు, ప్రభుత్వ ఉద్యోగం కావాలంటూ వెంటపడ్డాడు. ఒక మిత్రుడు ఆయుధంతో ప్రయాణాల్లో తోడు వెళ్ళాల్సి వచ్చింది. విల్బర్‌ఫోర్స్ మాట వెనక్కి తీసుకోలేదు, తిట్టుకు తిట్టు కూడా అప్పగించలేదు.

ఒకసారి మాత్రం, ఒక సభ్యుడు ఆయన భక్తిని పదేపదే ఎత్తిపొడుస్తుంటే పాత వ్యంగ్యం ఒరలోంచి బయటికి వచ్చింది. సభ నివ్వెరపోయింది. ఆ ప్రతిభను ఒకరు మెచ్చుకోబోతే, న్యాయకోవిదుడు శామ్యూల్ రోమిలీ వేరే సంగతి గమనించారు. అంత భయంకరమైన ఆయుధం చేతిలో ఉంచుకుని వాడకుండా ఇన్నేళ్ళు ఉండటం ప్రతిభ కన్నా పెద్దదని ఆయన భావం. సాత్వికం పిరికితనమా అని అడిగే మన యువకులకు మా జవాబు ఇదే. కత్తి లేనివాడు దూయకపోవడం వేరు. కత్తి ఉన్నవాడు దూయకపోవడం వేరు.

సాత్వికం అంటే మిత్రుల తప్పు దాచడమూ కాదు. ప్రధాని పిట్ ఆయనకు ప్రాణస్నేహితుడు. అయినా 1794 చివర ఫ్రాన్సుతో యుద్ధం విషయంలో ఆయనకు ఎదురుగా సవరణ పెట్టారు. స్నేహం కొన్నాళ్ళు మబ్బుపట్టి, మళ్ళీ విచ్చుకుంది. 1805లో డండస్, అప్పటికి లార్డ్ మెల్‌విల్, నౌకాదళ నిధుల వ్యవహారంలో చిక్కుకున్నప్పుడు విల్బర్‌ఫోర్స్ ఆయనకు వ్యతిరేకంగా మాట్లాడారు. ఓట్లు 216, 216 సమానమై, స్పీకర్ ఓటుతో తీర్మానం నెగ్గింది. కొన్నేళ్ళ తర్వాత దారిలో ఎదురుపడినప్పుడు ఆ మెల్‌విల్లే ఆప్యాయంగా చేయి అందించారు. వ్యతిరేకించిన మాటలో ద్వేషం లేకపోతే, తిరిగి కలుసుకోవడానికి దారి మూసుకుపోదు.

1807 ఫిబ్రవరి 23 రాత్రి 283 ఓట్లకు 16తో బిల్లు నెగ్గింది. సభ లేచి ఆయనకు జేజేలు పలుకుతుంటే, ఆయన తల వంచుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళ శ్రమ.

ఇక్కడితో ఆపితే మా పని సులువే. కానీ బైబిలు దావీదు పాపాన్ని దాచలేదు. మేమూ ఈ దైవజనుని తప్పును దాచం.

తన నాలుకకు కళ్ళెం వేసుకున్న ఆయన, ఇతరుల నోళ్ళకు కళ్ళెం వేయడానికి ప్రభుత్వంతో చేయి కలిపారు. ఫ్రెంచి విప్లవపు రక్తపాతం చూసిన భయంతో 1795లో సభలూ రాతలూ అణచే చట్టాలను సమర్థించారు. దేశంలో నీతిని పెంచాలని 1787లో ఆయన పూనికతో ఏర్పడిన సంఘం, పదేళ్ళ తర్వాత, క్రైస్తవ విశ్వాసాన్ని విమర్శించిన థామస్ పెయిన్ పుస్తకాన్ని అమ్మిన విలియమ్స్ అనే పేద ప్రచురణకర్తపై కేసు పెట్టింది. సంఘం తరఫున వాదించిన ఎర్స్‌కిన్ అనే న్యాయవాది, నిందితుడి ఇంట జబ్బుపడ్డ పిల్లలనూ దారిద్ర్యాన్నీ చూసి, దయ చూపమని వేడుకున్నారు. సంఘం ఒప్పుకోలేదు. ఎర్స్‌కిన్ కేసు వదిలేసి వెళ్ళిపోయారు. క్రీస్తు పేరు నిలబెట్టామనుకున్నవారికన్నా, ఆ ఇంటి గుమ్మంలో నిలబడ్డ న్యాయవాదే ఆ రోజు క్రీస్తు మనసుకు దగ్గరగా ఉన్నారని మాకు అనిపిస్తుంది.

రెండవ తప్పు మన దేశానికే సంబంధించినది. 1805 నుంచే విశాఖపట్నంలో క్రాన్, డెస్‌గ్రాంజెస్ అనే లండన్ మిషనరీలు తెలుగు నేర్చి పనిచేస్తున్నారు. కానీ కంపెనీ పాలనలో మిషనరీల ఉనికికి చట్టంలో భరోసా లేదు. 1813లో కంపెనీ చార్టరు పునరుద్ధరణ సమయంలో విల్బర్‌ఫోర్స్ వందలాది విజ్ఞాపనలు కూడగట్టి, మిషనరీలకు అనుమతి దారి తెరిపించారు. 1841లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నం వచ్చింది ఆ దారినే. ఈ విషయంలో తెలుగు సంఘం ఆయనకు రుణపడి ఉంది.

అయితే ఆ జూన్ 22న చేసిన ప్రసంగంలో, బానిస వర్తకులకు సైతం చూపిన మర్యాదను ఆయన మన దేశంలోని హిందువులకు చూపలేదు. వారు కొలిచే దేవతలను అతి కఠినమైన మాటలతో నిందించారు. ఎన్నడూ ఇండియాలో అడుగుపెట్టనివారు, ఎదుట నిలబడి బదులు చెప్పే అవకాశం లేని కోట్ల మంది గురించి అన్న మాటలవి. సతీసహగమనం వంటి నిజమైన క్రూరత్వాన్ని ఎత్తిచూపడం న్యాయమే. కానీ 1789లో మనమందరం దోషులమని మొదలుపెట్టిన నోరు, 1813లో వారు దోషులు అని మొదలుపెట్టింది. ఆ తేడాను మన పొరుగువారు ఈనాటికీ మరువలేదు. మన తాతముత్తాతలకు సువార్త దారి తెరిచిన ప్రసంగంలోనే మన పొరుగువారి మనసుకు గాయమూ ఉందని గ్రహిస్తే, మైకు పట్టుకునే మన చెయ్యి కొంచెం వణకాలి.

1833 జూలై చివర, బ్రిటిష్ రాజ్యంలో బానిసత్వమే రద్దు కానున్న చట్టం కామన్స్ సభలో గట్టెక్కిందని కబురు విన్నారు. మూడు రోజులకు, 29న, ప్రభువు సన్నిధికి చేరారు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో, మిత్రుడు పిట్ సమాధికి దగ్గర్లో, ఆయన్ను ఉంచారు.

ఈ జీవితం నుంచి మేము నేర్చుకున్నది ఒక్కటే. ఆశానిగ్రహం ఆత్మ ఫలమని గలతీ పత్రిక చెబుతుంది. ఆ నిగ్రహం నా నాలుక మీద నేను చేసేది, పొరుగువాని నోటికి నేను వేసే తాళం కాదు. విల్బర్‌ఫోర్స్ తనను తాను అదుపు చేసుకున్న చోట సంకెళ్ళు తెగాయి. ఇతరుల్ని అదుపు చేయబోయిన చోట ఒక పేద కుటుంబం నలిగింది. తన దోషాన్ని మరచి ఎదుటివారి దోషమే చూసిన చోట గాయం మిగిలింది.

కాబట్టి ప్రియులారా, అన్యాయాన్ని చూసినప్పుడు మౌనంగా ఉండకండి. సాక్ష్యాలతో, పేర్లతో, ధైర్యంగా మాట్లాడండి. వేరే సంఘం బోధలో తప్పుంటే వాక్యం తెరిచి చూపండి. పొరుగు విశ్వాసం గురించి మాట్లాడే ముందు, ఆ పొరుగువాడు ముందు వరుసలో కూర్చుని వింటున్నాడనుకుని మాట్లాడండి. మనల్ని విమర్శించేవారి నోరు మూయించమని అధికారులను కోరే ముందు, రేపు అదే తాళం మన ప్రార్థనా మందిరానికీ పడవచ్చని తలచుకోండి. నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు ఊరికే అనలేదు.

మన నోటి మాటలు, మన హృదయ ధ్యానం ప్రభువుకు అంగీకారంగా ఉండునట్లు ఆయనే మనకు సహాయం చేయును గాక. ఆమేన్.