కవిబ్రహ్మ తిక్కన సోమయాజి

పెన్నానది సముద్రమును చేరు సీమ మనది. ఆంధ్ర వాఙ్మయ చరిత్రమున ఈ సీమకు ఒక విశిష్ట స్థానము కలదు. ఏడువందల సంవత్సరములకు పూర్వము నెల్లూరునందు ఒక మంత్రి రాజ్యభారమును వహించుచునే మహాభారతమున పదునైదు పర్వములను తెనుగు చేసెను. ఆయనయే తిక్కన సోమయాజి. కవిగా ఆయన పేరు వినని తెలుగువారు అరుదు. కాని సంధి కొరకు పాటుపడిన రాయబారిగా ఆయనను స్మరించువారు తక్కువ. ఆ రాయబారిని ఎరిగిననే ఆ కవి మనకు సంపూర్ణముగా అర్థమగును.

తిక్కన పదమూడవ శతాబ్దివాడు. తాత మంత్రి భాస్కరుడు గుంటూరు సీమలో పేరుగాంచినవాడు. తండ్రి కొమ్మన, తల్లి అన్నమ. వారు కొట్టరువు వారని ప్రసిద్ధి వహించిన నియోగి బ్రాహ్మణులు. కోవూరు చేరువనున్న పాటూరు ఆ వంశమువారి నివాసమని ప్రతీతి. విక్రమసింహపురమని పేరొందిన నెల్లూరును ఆ కాలమున తెలుగు చోడులు పాలించుచుండిరి. వారిలో మనుమసిద్ధి కొలువున తిక్కన మంత్రియు, ఆస్థానకవియు, ఆప్తమిత్రుడునై యుండెను.

అది శాంతికాలము కాదు. ఉత్తరమున కాకతీయులు, దక్షిణమున పాండ్యులు ప్రబలులు. నడుమనున్న నెల్లూరు రాజ్యమునకు దాయాదుల పోరు సైతము తప్పలేదు. అక్కన, బయ్యన అనువారు మనుమసిద్ధిని వెడలగొట్టి సింహాసనము నాక్రమించిరి. అప్పుడు తిక్కన ఓరుగంటికి పోయి, కాకతి గణపతిదేవుని దర్శించి, తన ప్రభువునకు సాయము కోరెనని సిద్ధేశ్వర చరిత్రము తెలుపుచున్నది. గణపతిదేవుడు సామాన్యుడు కాడు. 1244లో మోటుపల్లి రేవున శాసనము వేయించి, ఓడవర్తకుల సరకులకు అభయమిచ్చిన మహారాజు. అట్టివానిని తిక్కన తన పాండిత్యముచేతను, వాక్చాతుర్యముచేతను మెప్పించెను. కాకతీయ సైన్యము కదలివచ్చెను. మనుమసిద్ధికి రాజ్యము మరల దక్కెను. కత్తి పట్టని మంత్రి మాటతో సాధించిన విజయమిది.

కాని మాట నెగ్గని సందర్భమును సైతము ఆయన చూచెను. కాటమరాజు కథను మన పల్లెలలో గొల్లసుద్దులవారు పాడగా పెద్దలు వినియే యుందురు. కరవు వచ్చి, పసులమందలను నెల్లూరు సీమ బీళ్లకు తోలుకొని వచ్చిన కాటమరాజునకును, మనుమసిద్ధికిని పుల్లరి విషయమున తగవు పుట్టెను. ఆ తగవు ముదిరి పాలేటి యొడ్డున ఎఱ్ఱగడ్డపాటి యుద్ధమాయెను. తిక్కనకు జ్ఞాతిసోదరుడైన ఖడ్గతిక్కన అందు సేనానాయకుడు. ఒకసారి రణమునుండి మరలివచ్చిన ఆ వీరుని ఇంటి స్త్రీలే గేలిచేయగా, ఆయన తిరిగి పోయి ప్రాణము లర్పించెనని కథ. పచ్చికపై పన్ను కొరకు పుట్టిన తగవు ఎందరి ఇండ్లలో దీపములార్పినదో తలచుకొన్నచో నేటికిని మనసు కలుక్కుమనును.

ఇట్టి కాలమున జీవించిన కవి చేతికి భారతము వచ్చెను. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున నన్నయభట్టు ఆది, సభా పర్వములను పూర్తిచేసి, అరణ్యపర్వము నడుమ నిలిపివేసెను. రెండు వందల యేండ్లు ఆ కార్యము అట్లే యుండిపోయెను. తిక్కన విరాటపర్వము మొదలుకొని స్వర్గారోహణ పర్వము వరకు ఒంటిచేత రచించెను. అరణ్యపర్వ శేషమును పదునాల్గవ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. ముగ్గురు కవులు, మూడు శతాబ్దములు, ఒక్క గ్రంథము!

ఆ పదునైదు పర్వములలో ఉద్యోగపర్వమును చూడుడు. ద్రుపదుని పురోహితుడు, సంజయుడు, శ్రీకృష్ణుడు వరుసగా రాయబారములు నడపుదురు. ఎవరు ఎంత చెప్పవలెనో, ఏది దాచవలెనో, ఏ మాట ఎవరికి తగులునో తిక్కన ఎరిగినట్లు వేరొకరు ఎరుగరు. కొలువులో మెలగినవాడు, రాయబారము నడిపినవాడు, తన ఇంట యుద్ధమృతుని చూచినవాడు వ్రాసిన పర్వమది. తిరుపతి వేంకటకవుల నాటకములవలన కృష్ణరాయబారము మన పల్లెలలో ఇంటింటి మాట యైనది. ఆ నాటకములకు వెనుక తిక్కన భారతమున్నది.

ఆయన శైలియు గమనింపదగినది. వ్యాసుని విస్తారమును క్లుప్తపరచి, పాత్రలచేత మన ఇండ్లలో మాటలాడినట్లు మాటలాడించెను. సంస్కృత సమాసములను తగ్గించి జాను తెనుగు పలుకులకు పెద్దపీట వేసెను. ఆ తరువాత కొలది కాలమునకే మహారాష్ట్రమున జ్ఞానేశ్వరుడు గీతకు మరాఠీ వ్యాఖ్య రచించెను. ఇటలీలో డాంటే లాటిను విడిచి ప్రజల భాషలో మహాకావ్యము వ్రాసెను. పండితుల భాషలోని విద్యను జనుల ముంగిటికి తెచ్చిన అట్టి మహనీయుల పంక్తిలో మన తిక్కన ముందు నిలిచినవాడు. కేతన తన దశకుమార చరిత్రమును ఆయనకే అంకితమిచ్చెను. ఆ కేతనయే తెనుగున తెలుగు వ్యాకరణమును వ్రాసెను. శిష్యుడైన మారన మార్కండేయ పురాణమును తెనిగించెను.

తిక్కన తన తొలి కావ్యమగు నిర్వచనోత్తర రామాయణమును మనుమసిద్ధి కంకితమిచ్చెను. భారతమునుమాత్రము ఏ రాజునకును ఈయలేదు, హరిహరనాథునకు సమర్పించెను. శైవులును వైష్ణవులును ఒకరినొకరు సహింపని దినములవి. అట్టి దినములలో శివకేశవుల నొక్కరూపమున కొలిచి, ఇరుపక్షములవారును తలవంచి వినదగిన గ్రంథమును ఆయన ప్రసాదించెను. ఇదియు నొక సంధికార్యమే. ఓరుగంటిలో ప్రభువు కొరకు చేసిన దౌత్యమును ఇచట జనుల కొరకు చేసెను.

పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడు నెల్లూరును జయించి అచట వీరాభిషేకము చేసికొనెను. మనుమసిద్ధి రాజ్యము కాలగర్భమున కలిసెను. తిక్కన భారతముమాత్రము తాటాకుల మీద, వ్రాయసకాండ్ర చేతులమీదుగా తరతరములు నడచి, అచ్చుయంత్రము వచ్చినంతనే పుస్తకమై మన ఊరికి వచ్చినది. కోట నిలువలేదు, గంటము నిలిచినది.

గ్రామములలో నేడును గట్టు తగవులు, నీటి తగవులు, పార్టీ తగవులు లేకపోలేదు. అట్టి తగవులాడు ఇరుపక్షములవారును ఒక్క చాపమీద కూర్చుండి ఒక్క పుస్తకమును వినదగిన చోటు ఊరిలో ఒకటి యుండవలెను. ఇరువదియైదు వత్సరములుగా మన గ్రంథాలయము అట్టి చోటుగా నున్నది. ఈ రజతోత్సవ వేళ చదువ నేర్చినవారు వారమున కొకనాడైనను ఉద్యోగపర్వమును తెరచి, చదువరాని పెద్దలకు వినిపింతురుగాక. నెల్లూరు మంత్రికి మన మీయగల నివాళి అదియే.