ప్లేగు దినములలో సోదరి నివేదిత

1898 ఏప్రిలు నెలలో కలకత్తా నగరమున ప్లేగు మొదటిసారి కన్పించినప్పుడు వేలకొలది జనులు మూటాముల్లె సర్దుకొని పారిపోయిరి. వారికి రోగముకంటె ప్రభుత్వోద్యోగులన్నచో ఎక్కువ భయము. పూనాలో ఇండ్లు సోదా చేసిన తీరు, దానిపై రేగిన కోపమున 1897లో రాండ్ అను ప్లేగు అధికారి హత్యకు గురియగుట దేశమంతట తెలిసియుండెను. టీకా వేసినచో ప్రాణము పోవునని వదంతులు వ్యాపించెను. ఔషధము తెచ్చినవానినే జనులు శత్రువుగా చూచుచుండగా ఔషధమేమి చేయగలదు?

డార్జిలింగునుండి హుటాహుటిని తిరిగివచ్చిన స్వామి వివేకానందులు ధైర్యము చెప్పు కరపత్రములను వంగ, హిందీ భాషలలో పంచిపెట్టించిరి. ధనము చాలనిచో మఠమునకై క్రొత్తగా కొన్న భూమినే అమ్మివేయుటకు సిద్ధపడిరి. మరుసటి యేడు వ్యాధి మరల తల యెత్తగా, 1899 మార్చి 31న రామకృష్ణ మిషన్ సేవాకార్యము ప్రారంభమయ్యెను. దానికి కార్యదర్శిని సోదరి నివేదిత; పనివారిని నడిపించినవారు స్వామి సదానందులు. ఆమె కలకత్తా చేరి అప్పటికి పదునాలుగు మాసములు మాత్రమే.

మార్గరెట్ నోబుల్ 1867 అక్టోబరు 28న ఐర్లండులోని డంగానన్ పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ బోధకుడు. ఆమెకు పదియేండ్ల ప్రాయముననే గతించెను. యౌవనమున రెక్సమ్ అను బొగ్గుగనుల పట్టణమున ఉపాధ్యాయినిగా నుండి, పేద కార్మికుల ఇండ్లకు పోయి వారి కష్టసుఖములు విచారించుచుండెను. బాల్యమునాటి మతవిశ్వాసము క్రమముగ సడలి, సంశయము మనసును తొలిచివేయుచున్న కాలమున, 1895లో లండనున స్వామిజీ దర్శనము లభించెను. 1898 జనవరి 28న భారతదేశము చేరెను. మార్చి 25న బ్రహ్మచర్యదీక్ష, నివేదిత యను నామము పొందెను. ఆ యేడు నవంబరులో బాగ్‌బజారున శ్రీ శారదాదేవి చేతులమీదుగ ఆమె బాలికాపాఠశాల ప్రారంభమయ్యెను.

ఆ బాగ్‌బజారు ఛాందసులు నివసించు పేట. విదేశీయురాలు తాకిన నీరు త్రాగని ఇండ్లే అందు ఎక్కువ. అట్టి సందులలో చెత్త తీయించుటకు ఆమె పూనుకొనెను. ఒకనాడు పనివారు కరవైనప్పుడు తానే చీపురు చేతబట్టి వీధి ఊడ్వసాగెను. చూచుచున్న యువకులు సిగ్గుపడి వచ్చి చీపుళ్లందుకొనిరి. ఏప్రిలు నెలలో క్లాసిక్ థియేటరున విద్యార్థులనుద్దేశించి ఆమె ప్రసంగింపగా, వివేకానందులును అదే సభలో పిలుపునిచ్చిరి. సుమారు పదునైదుగురు ముందుకు వచ్చిరి. మహానగరమున పదునైదుగురేనా యని తోపవచ్చును. కాని ప్రతిదినము మురికివాడలకు పోయివచ్చువారు పదునైదుగురు దొరకుట ఆ భయమున సామాన్యము కాదు.

చైత్రమాసమున ఒక మధ్యాహ్నము ప్రసిద్ధ వైద్యుడు రాధాగోవింద కర్ ఇంటికి నివేదిత వచ్చెను. ఆయన ఆ ఉదయము బస్తీలో చూచివచ్చిన ప్లేగు రోగి, ఒక చిన్నబాలుడు, ఎట్లున్నాడని అడిగెను. ఆశలేదని, అచ్చటికి పోవుట అపాయకరమని ఆయన హెచ్చరించెను. సాయంకాలమాయన మరల పోయి చూచుసరికి, తేమయోడుచున్న ఆ గుడిసెలో బాలుని ఒడిలో నుంచుకొని ఆమె కూర్చుండి యుండెను. రేయింబవళ్లు అచ్చటనే గడపెను. గుడిసెను శుద్ధి చేయవలసి వచ్చినప్పుడు చిన్న నిచ్చెన వేసికొని గోడలకు తానే సున్నము వేసెను. రెండు దినములకు బాలుడు ఆమె చేతులలోనే ప్రాణము విడిచెను. ఆ దినములలో పాలు, పండ్లే ఆమె ఆహారము. ఒక రోగి మందుల ఖర్చుకై ఆ పాలు సయితము మానుకొనెను.

అప్పటికి ప్లేగును కుదుర్చు మందే లేదు. ఎలుకలపై నుండు కీటకముల మూలమున ఆ వ్యాధి సంక్రమించునని సిమోన్ అను ఫ్రెంచి వైద్యుడు 1898లోనే కనుగొన్నను, వైద్యలోకము చాలకాలమంగీకరింపలేదు. కావున బాలుని ఒడిలోనికి తీసికొన్న క్షణమున, అతని ఊపిరియే తనకు మృత్యువు కావచ్చునన్న యెఱుక ఆమెకుండి తీరవలెను. చెత్త తొలగింపగా ఎలుకలకు ఆశ్రయము తగ్గును గనుక, కారణము సరిగా తెలియకయే వారు చేసిన పని వ్యర్థము కాలేదు.

దైవభక్తి, సత్సాంగత్యము గలవారు సగటున ఆరోగ్యముగ నుందురని ఇటీవలి పరిశోధనలు పెక్కు సూచించుచున్నవి. అందు విశ్వాసము పాలెంత, తోడుండు మనుష్యుల పాలెంత యని వేరుచేయుట పండితులకును కష్టముగనే యున్నది. బోసుపాడా సందులోని నివేదిత ఇంట కూడ అవి వేరుగ నుండలేదు. శ్రీరామకృష్ణులను గోపాలునిగ భావించి కొలిచిన గోపాలుని తల్లి ఆచారపరాయణురాలైన బ్రాహ్మణ వితంతువు. వార్ధక్యమున చూచువారు లేక, చివరి రెండు సంవత్సరములకు పైగా ఆమె ఈ ఐరిష్ వనిత ఇంటనే గడపెను. వంటకు బ్రాహ్మణ స్త్రీని ఏర్పరచి, వృద్ధురాలి నియమమునకు లోపము రాకుండ నివేదిత చూచుకొనెను. 1906 జూలైలో అంత్యకాలము సమీపింపగా, మంచమును పూలతో అలంకరించి, పాదరక్షలు లేకుండ గంగాతీరము వరకు వెంట నడచెను.

నివేదిత దేహమునకు మాత్రము విశ్వాసము కవచము కాలేదు. 1905లో తీవ్రమైన వ్యాధి వచ్చి, ఆత్మీయుల శుశ్రూషతో కోలుకొనెను. 1906లో తూర్పు వంగమున కఱవు, వరదలు వచ్చినప్పుడు గ్రామములు తిరిగి, మలేరియాతో మరలివచ్చెను. అటుపిమ్మట పూర్వపు బలము మరల రాలేదు. 1911 శరత్కాలమున జగదీశచంద్ర బోసు దంపతులతో డార్జిలింగు వెళ్లగా, అచ్చట రక్తగ్రహణి పట్టుకొనెను. అబలా బోసు ఆమె మంచము విడువలేదు. అవసానము తెలిసికొన్న నివేదిత తనకున్న కొద్దిపాటి ధనమును, గ్రంథముల రాబడిని భారతస్త్రీల విద్యకై వినియోగింపుమని బేలూరు మఠమువారికి వ్రాసియిచ్చెను. అక్టోబరు 13న కన్నుమూసెను. నలుబదినాలుగేండ్లు నిండుటకు అప్పటికింకను పదునైదు దినములుండెను. ఆ కొండపట్టణముననే హైందవ విధిని దహనసంస్కారము జరిగెను.